ఏ వేళకి ఏ పువ్వు: వాసన మొక్కలు కొనే ముందు

నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. అందులో సగం రాత్రి డ్యూటీలే. ఉప్పల్ అవతల 150 గజాల్లో ఇల్లు కట్టుకున్న ఏడాది గేటు పక్కన రెండు గుండుమల్లె మొక్కలు పెట్టాను. వేసవిలో విరగబూసేవి. కానీ సాయంత్రం ఏడింటికి నేను గేటు గడియ వేస్తుంటే అవి అప్పుడే రేకులు విప్పుతుండేవి. పొద్దున్న ఎనిమిదిన్నరకి నేను తిరిగొచ్చేసరికి అంచులు గోధుమరంగుకి తిరిగి, వడిలిపోయి ఉండేవి. ఆ మల్లెల్ని అనుభవించింది మా అత్తగారూ, ఎదురింటివాళ్లూను. నీళ్లు పోసింది నేను.

అదే ఏడాది ఎవరో ఇచ్చిన దేశవాళీ గులాబీ కొమ్మొకటి పడకగది కిటికీ కింద గుచ్చాను. పన్నీరు గులాబీ అంటామే, అది. రేకులు వదులుగా, చూడ్డానికి పెద్ద అందమేమీ ఉండదు. కానీ తొమ్మిదింటికి నేను కిటికీ తెర దించి పడుకునేటప్పుడు దాని వాసన లోపలికొచ్చేది. పదకొండు దాటి ఎండ ముదిరితే తగ్గిపోయేది. అప్పటికి నేనూ నిద్రలో ఉండేదాన్ని. ఆ మొక్క నా డ్యూటీ చార్టు చదువుకున్నట్టుండేది.

కాబట్టి నన్నెవరైనా "అక్కా, మంచి వాసనొచ్చే మొక్క చెప్పు" అనడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: నువ్వు ఏ వేళకి ఇంట్లో ఉంటావు, ఆ వేళకి ఎక్కడ కూర్చుంటావు?

నర్సరీకి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. మీరు తీరిగ్గా ఉండే గంటా, చోటూ తేల్చుకోండి. పొద్దున్న కాఫీ గ్లాసుతో కూర్చునే మెట్టు కావచ్చు, రాత్రి భోజనాలయ్యాక డాబా మీద వేసుకునే కుర్చీ కావచ్చు, బట్టలారేసే తీగ దగ్గర కావచ్చు. ఆ గంటకి, మొక్క పెడదామనుకున్న చోట ఒక అగరుబత్తి వెలిగించి మట్టిలో గుచ్చండి. వెళ్లి మీ చోట కూర్చోండి. పొగ మీ వైపు వస్తే పూల వాసనా వస్తుంది. పొగ పక్కింటి గోడెక్కిపోతే మీరు మొక్క పెట్టేది పక్కింటివాళ్ల కోసమే. రెండు మూడు రోజులు వరసగా చూడండి, మళ్లీ రుతువు మారాక ఒకసారి చూడండి. హైదరాబాద్‌లో వానాకాలమంతా గాలి పడమటి నుంచే ఎక్కువ. మాది కడియం దగ్గర పల్లెటూరు. అక్కడ వేసవి సాయంత్రాలు పైరగాలి దక్షిణం నుంచి చల్లగా తోలేది. అందుకే మా అమ్మ మల్లెపాదులు ఇంటికి దక్షిణాన వేసింది. చదువుకోలేదు గానీ ఆమెకి ఈ లెక్క బాగా తెలుసు.

రెండో సంగతి, వాసనలన్నీ ఒకే దూరం నడవవు. రేరాణి, పారిజాతం, సంపెంగ, రాధామనోహరం లాంటివి గాలెక్కి మన దగ్గరికే వస్తాయి. గులాబీ లాంటివి నాలుగడుగుల లోపుకి మనం వెళితేనే పలకరిస్తాయి. మరువం, దవనం, నిమ్మగడ్డి, తులసి అసలు ముట్టుకుంటే గానీ నోరు విప్పవు. దగ్గరి వాసన మొక్కని తీసుకెళ్లి కాంపౌండు గోడ మూలకి పెట్టి "వాసన రాట్లేదు" అంటే ఆ మొక్క తప్పేం లేదు. ముట్టుకునే మొక్కలు దారి పక్కన, నడుస్తుంటే చీర కుచ్చెళ్లు తగిలే చోట ఉండాలి. ఘాటైనవి దూరంగా ఉండాలి.

ఇప్పుడు ఒక్కో వేళ చూద్దాం. సాయంత్రంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది ఇంట్లో ఉండేది అప్పుడే.

సాయంత్రానికి మల్లెని మించింది లేదు. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అంటారు గానీ, ఆ సామెత కట్టినవాళ్లు మల్లెమొగ్గని చూసి కట్టలేదు. పుట్టినప్పుడు దానికి వాసనే ఉండదు. ఆకుపచ్చగా, బియ్యపుగింజంత ఉండి, రోజులు గడిచి పాలతెలుపుకి తిరుగుతుంది. తెల్లబడి బొద్దుగా ఉబ్బిన రోజు సాయంత్రమే విచ్చుకుంటుంది. ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. పైరేకు కొస ముందు గోరంత వంగుతుంది. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. మీరు లోపలికెళ్లి పొయ్యి మీద పాలు దించొచ్చేసరికి సగం పువ్వు అయిపోయి ఉంటుంది. వాసన కూడా అప్పుడే. తెల్లగా ఉండి రాత్రిపూట గుబాళించే పూలన్నీ దాదాపు ఇంతే. అవి పిలిచేది మనల్ని కాదు, రాత్రి తిరిగే చిమ్మట పురుగుల్ని. చీకట్లో రంగు పనికిరాదు కాబట్టి తెలుపూ, పరిమళమూ పెట్టుకున్నాయి. మనం మధ్యలో దూరి జడలో పెట్టుకుంటున్నాం.

మల్లెలో రకాలున్నాయి. ఒక్క వరస రేకులది విరివిగా పూస్తుంది, దండకి బాగుంటుంది. గుండుమల్లె మొగ్గ గుండ్రంగా ఉంటుంది. బొండుమల్లె, దొంతరమల్లె రేకుల మీద రేకులతో చిన్న గులాబీలా ఉంటాయి, పూత తక్కువ, పెరుగుదల నిదానం. మొదటిసారి పెట్టేవాళ్లు గుండుమల్లెతో మొదలుపెట్టండి. బొండుమల్లె చూసి ముచ్చటపడి కొని, ఏడాదికి పది పూలు పూస్తే నిరుత్సాహపడి వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను.

మల్లెకి ఎండ కావాలి. రోజుకి ఐదారు గంటలు సూటిగా తగలాలి. నీడలో పెడితే ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ రాదు. మనం "ఎంత బాగుందో మొక్క" అనుకుంటూ మూడేళ్లు గడిపేస్తాం. నేలైతే సరే, కుండీ అయితే 14 నుంచి 16 అంగుళాలది తీసుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి. నీరు నిలవకూడదు. తడిసిన మట్టితో ఆ కుండీ ఇద్దరు పట్టి లేపాల్సినంత బరువుంటుంది కాబట్టి డాబా మీద నడుమ కాకుండా గోడ వారగా, దూలం మీదికి వచ్చేలా పెట్టండి.

మల్లె దగ్గర అందరూ చేసే తప్పు, దాన్ని ఏడాది పొడుగునా ముద్దు చేయడం. మా ఊళ్లో చలికాలం మొదలవగానే మల్లెతోటకి నీళ్లు కట్టడం ఆపేసేవారు. ఆకు రాలడానికి గొర్రెల్ని తోలేవారు. అవి ఆకంతా మేసిపోతే మోడుల్లా మిగిలేవి. జనవరి నెలాఖరుకి మోకాలెత్తు కంటే కిందికి, అంటే జానెడున్నర రెండు జానలకి కత్తిరించి, పాదు తవ్వి, గెత్తం వేసి, అప్పుడు నీళ్లిచ్చేవారు. మార్చికల్లా మొగ్గ. ఇంట్లో గొర్రె లేదు కాబట్టి నేనే కూర్చుని ఆకు దూస్తాను. మొదటిసారి దూసినప్పుడు మావారు "బతికున్నదాన్ని చంపేస్తున్నావేంటి" అన్నారు. ఆ వేసవిలో పూలు కోయడానికి ఆయన్నే పిలవాల్సొచ్చింది. పూత కొమ్మ కొత్త చిగురు మీదే వస్తుంది, పాత కొమ్మ మీద రాదు. కత్తిరించకపోతే చిగురెక్కడిది? ఒక విడత పూత అయ్యాక కూడా కొసలు రెండంగుళాలు తుంచండి.

మొగ్గలు ఊదారంగుకి తిరిగి, చిన్న చిల్లులు పడి, సన్నటి గూడు దారం కనబడితే లోపల పురుగుందని. అలాంటి మొగ్గలు ఏరి సబ్బునీళ్లలో పడేయండి. లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టండి. అంతకుమించిన మందులు ఇంటి మల్లెకి వద్దు. ఆ పూలు మనమే ముక్కు దగ్గర పెట్టుకుంటాం.

ఇక జాజి. ఇక్కడ నేను మోసపోయిన కథ చెప్పాలి. ఒక నర్సరీలో "సన్నజాజి ఉందా" అంటే "ఉందమ్మా" అని తీగమొక్క ఒకటి చేతిలో పెట్టారు. రెండేళ్లు పందిరెక్కించాను. చలికాలంలో తెల్లగా, గుత్తులు గుత్తులుగా పూసింది. ముక్కు పెట్టి చూస్తే ఏమీ లేదు. అది కాగడా. దండలు కట్టేవాళ్లకి అది మంచి పువ్వే, మల్లె దొరకని చలికాలంలో ఆదుకుంటుంది. వాసనకి మాత్రం పనికిరాదు.

అప్పట్నుంచి నేను పేరు అడగను, ఆకు చూస్తాను. జాజి, సన్నజాజి, విరజాజి అన్న పేర్లు ఊరూరికీ మారిపోతాయి. ఆకు మారదు. అసలు జాజికి ఒక ఈనెకి అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు జతలుగా ఉండి, కొసన ఒకటి కాస్త పెద్దదిగా ఉంటుంది. కరివేపాకు రెమ్మకి చిన్న చెల్లెల్లా అనుకోండి. మొగ్గ బయటివైపు లేత గులాబీ చార ఉంటుంది. మల్లెకీ, కాగడాకీ రెమ్మ ఉండదు, ఒంటి ఆకులే, ఎదురెదురుగా. కాగడా ఆకు వెనక వేలితో రాస్తే నూగు తగులుతుంది. మల్లె ఆకు నున్నగా ఉంటుంది. ఇంతే, పది సెకన్ల పని. ఇది తెలిసుంటే నా రెండేళ్లూ, పందిరి ఖర్చూ మిగిలేవి.

జాజి వానాకాలం నుంచి బాగా పూస్తుంది. తీగకి ఊతం కావాలి, ఏటా కత్తిరించాలి, మల్లె కంటే ఎత్తుగా, నడుమెత్తున. జాజిపువ్వు చాలా సుకుమారం. మల్లెని మధ్యాహ్నం కోసి తడిగుడ్డలో చుట్టి సాయంత్రం కట్టుకోవచ్చు. జాజిని కోసి ఉంచితే నలిగిపోతుంది. అందుకని అంగట్లో దొరికే జాజి కంటే ఇంటి జాజి ఎప్పుడూ పైమెట్టే. ఉన్న చోటు ఒకే తీగకి సరిపోతుందంటే నేను జాజికే ఓటేస్తాను. మల్లెపూలు మూర లెక్కన కొనుక్కోవచ్చు, తాజా జాజి కొనుక్కోలేం.

రాత్రి వేళకి వద్దాం. అందరూ అడిగేది రేరాణి, అదే నైట్ క్వీన్. ఇది పెంచడం చాలా తేలిక, కొమ్మ గుచ్చితే వస్తుంది. అసలు చిక్కు అదే. పడకగది కిటికీ కింద గుచ్చేస్తారు. ఒక గుత్తి పూస్తే హాయి, వంద గుత్తులు ఒకేసారి పూస్తే తలనొప్పి. మా ఆడపడుచుకి పార్శ్వపు నొప్పి ఉంది. మా ఇంట్లో పడుకున్న రాత్రి కిటికీ మూసుకుని, తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ మొక్క జోలికే పోవద్దు, నర్సుగా చెబుతున్నాను. దాని తెల్లటి కాయలు విషం, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. పెట్టాలనే ఉంటే ఇంటికి ఇరవై అడుగుల అవతల, గాలి మీ వైపు తిన్నగా తోలని మూలలో పెట్టండి. ఈ వాసనకి పాములొస్తాయంటారు. పాములు వాసనకి రావు, గుబురు కింద చేరే కప్పలకీ ఎలుకలకీ వస్తాయి. గుబురు అడుగున జానెడు మేర కొమ్మలు తీసేసి శుభ్రంగా ఉంచితే సరి.

నాకు రేరాణి కంటే రాధామనోహరం ఇష్టం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీకి, ఆ తర్వాత ఎరుపుకి తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. వాసన కొత్తగా విచ్చిన తెల్లపూలదే, కొద్దిగా పండు వాసన కలిసినట్టుంటుంది. మొండి తీగ. బోరునీళ్లకీ, ఎర్రటెండకీ చలించదు. గేటు మీద కమానుకి బాగుంటుంది, కానీ ఇనుప పైపు కమాను వేయించండి. వెదురుతడికె దాని బరువుకి రెండో ఏడాదే ఒరిగిపోతుంది.

బ్రహ్మకమలం ఏడాదికి కొన్ని రాత్రులే. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు, మన ఇళ్లలో ఉండేది ముళ్లు లేని ఒక జెముడు జాతి. ఆకులాంటి ముక్క మట్టిలో గుచ్చితే వచ్చేస్తుంది. ఎండ తక్కువున్న బాల్కనీకి పనికొస్తుంది. పూసిన రాత్రి ఇరుగుపొరుగుల్ని పిలవడానికి బాగుంటుంది, రోజూ వాసన కావాలనుకునేవాళ్లకి అక్కర్లేదు.

తెల్లవారుజాముకి పారిజాతం. రిటైరయ్యాక నాకు నాలుగున్నరకే మెలకువ వస్తోంది. ముప్పై ఏళ్ల అలవాటు ఇంకా వదల్లేదు. అందుకని ఈసారి లెక్క చూసుకుని వీధిగుమ్మానికి పడమటి వైపు పారిజాతం పెట్టాను. ఆగస్టు నుంచి నవంబరు దాకా పూత, అందులో వానాకాలం ఉన్నన్నాళ్లూ గాలీ ఎక్కువగా ఆ వైపు నుంచే. రాత్రి విచ్చుకుంటుంది, తెల్లారేలోపు రాలుతుంది. చీకట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒక్కో పువ్వూ ఎండుటాకు మీద పడిన చిన్న చప్పుడు వినిపిస్తుంది, టప్పుమని కాదు, గోటితో కాగితం మీటినట్టు. నేల నుంచి ఏరుకుని దేవుడికి పెట్టే పువ్వు ఇది. అందుకే కింద ఇటుకలు పరచడం కంటే పాత దుప్పటి ఒకటి రాత్రే పరిచి ఉంచుకోవడం తేలిక. కాడ నారింజరంగు. ఒకప్పుడు బట్టలకి ఆ రంగు అద్దేవారు. నా తెల్ల దుప్పటికి కూడా అద్దింది, ఎవరూ అడక్కుండానే.

పారిజాతం కొనేముందు దాని కష్టాలు కూడా తెలుసుకోండి. వేసవికి ముందు ఆకు రాల్చి ఎండిపోయినట్టు నిలబడుతుంది. చచ్చిపోయిందని పీకేసినవాళ్లున్నారు. గోటితో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. వానల్లో మా చెట్టుకి గొంగళిపురుగులు పడతాయి, బట్టలారేసే తీగకి దూరంగా పెట్టండి. ఆకు గరుకుకాగితంలా ఉంటుంది. ఎత్తు ఎదగనివ్వకుండా ఫిబ్రవరిలో కాయలు రాలాక తలెత్తున కత్తిరిస్తే పది అడుగుల జాగాలో ఇమిడిపోతుంది. పెద్ద చెట్టు కింద వానాకాలంలో మొలిచే పిల్లల్ని తెచ్చి పెట్టినా మూడో ఏటికల్లా పూస్తుంది, డబ్బు పోయక్కర్లేదు.

ఇక పొద్దున్నకీ పగటికీ సంపెంగ. సింహాచలం సంపెంగలు ఒక్కసారి బుట్టలో చూసినవాళ్లకి ఇంట్లో చెట్టుండాలని అనిపించక మానదు. కానీ ఇది చెట్టు, మొక్క కాదు. నేలలో వదిలేస్తే రెండంతస్తులు దాటిపోతుంది. 150 గజాల ఇంటికి పునాది పక్కన వద్దు. పైగా గింజ మొక్క పూతకి రావడానికి ఏడెనిమిదేళ్లైనా పట్టొచ్చు. అంటుమొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. "అంటా, గింజా?" అని అడగడంతో ఆగకండి, కాండం అడుగున అంటు కట్టిన కణుపు ఉబ్బెత్తుగా కనబడాలి. చోటు తక్కువైతే పొట్టిగా ఉండే అంటుని పెద్ద డ్రమ్ములో పెంచుకోవచ్చు.

సంపెంగకీ, గంధరాజానికీ హైదరాబాద్ బోరునీళ్లు పడవు. నీళ్లలో సున్నం ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే అదే. ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేకపోవడం వల్ల అలా అవుతుంది. నర్సరీ నుంచి నిగనిగలాడుతూ, మొగ్గలతో వచ్చిన గంధరాజం నెలరోజుల్లో మొగ్గలన్నీ రాల్చుకుంటుంది. నేను మూడు గంధరాజాల్ని సాగనంపాను. పుల్లమజ్జిగ పోశాను, తుప్పు మేకులు పాతాను, ఇరుగుపొరుగు చెప్పినవన్నీ చేశాను. కాస్తో కూస్తో పనిచేసింది వాననీళ్లు పట్టి పోయడం, చీలేటెడ్ ఐరన్ ఆకుల మీద కొట్టడం. ఇప్పుడు గంధరాజం మానేశాను. కడియం వైపు కాలవనీళ్లకి చక్కగా పెరుగుతుంది, అక్కడివాళ్లు పెట్టుకోవచ్చు. మీ నీళ్లకి ఇమడని మొక్కతో కుస్తీ పట్టడం కంటే ఇమిడేదాన్ని ఎంచుకోండి.

లిల్లీ, అంటే నేలసంపెంగ, గడ్డ పాతితే మూడు నెలల్లో కంకి వేస్తుంది. తొందరపాటు మనుషులకి ఇదే సరైంది. వాసన కోసమైతే ఒంటిరేకు రకమే తీసుకోండి, ముద్దపువ్వు చూపుకే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు తెచ్చిన ప్రజ్వల్ అనే ఒంటిరేకు రకం దొరికితే వదలకండి, మొగ్గ కొస గులాబీ ఛాయలో ఉంటుంది. చంద్రకాంత కూడా మంచి నేస్తం. సాయంత్రం నాలుగింటికి విచ్చుకుంటుంది, నల్లటి గింజ మిరియంలా ఉంటుంది, ఒకసారి చల్లితే ఏటా తనే మొలుస్తుంది. వాసన సన్నగా ఉంటుంది గానీ చెడగొట్టడం ఎవరి తరం కాదు.

పూలే ఎందుకు, ఆకులూ ఉన్నాయి. కనకాంబరానికి వాసన లేదు కదా, అందుకే దండలో మధ్య మధ్య మరువం రెమ్మ పెడతారు. దాన్ని ఎనిమిదంగుళాల కుండీలో పెంచొచ్చు. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ ఉండాలి, మట్టి పైన ఆరాకే నీళ్లు పోయాలి. మరువం మన చేతుల్లో చచ్చేది ఎక్కువగా నీళ్లెక్కువై. వినాయకచవితి పత్రిలో మాచిపత్రి, మరువం, తులసి, జాజి ఆకు ఉంటాయి కదా, ఒకే వరసలో నాలుగు కుండీలు పెట్టుకుంటే పండగ ముందురోజు మార్కెట్లో కొంత వెతుకులాట తప్పుతుంది. దవనం మాత్రం చలికాలపు మొక్క. అక్టోబరులో వేసి ఎండలు ముదిరేలోపు అనుభవించి వదిలేయాలి. అది మేలో ఎండిపోయిందని బాధపడక్కర్లేదు. ఎండ సరిగా రాని ఫ్లాట్ బాల్కనీ ఉన్నవాళ్లకి నా సలహా ఇదే: పూల ఆశ కాస్త తగ్గించుకుని, తలుపు తీయగానే చేతికి తగిలే ఎత్తులో మరువం, పుదీనా, కర్పూరవల్లి పెట్టుకోండి.

కొన్ని వద్దని కూడా చెప్పాలి. మొగలి గురించి కలలు కనకండి. అంచుల నిండా ముళ్లు, మనిషిని మించిన గుబురు, వాసన మగచెట్టు పొత్తికి మాత్రమే. కొన్నది ఆడదో మగదో తెలియడానికే ఏళ్లు పడుతుంది. ఏడాకుల పాల ఇంటి ముందు పెట్టకండి. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధుల్లో అది బాగా నాటారు, చలికాలం మొదట్లో పూస్తే ఆ ఘాటుకి జనం ముక్కులు మూసుకుంటున్నారు. కామిని కంచె చాలా బాగుంటుంది, వాన పడిన వారానికి తెల్లగా పూసి వీధంతా గుబాళిస్తుంది. కానీ పెరట్లో నిమ్మో బత్తాయో ఉంటే దాని పక్కన కామిని వద్దు. నిమ్మజాతికి పచ్చతెగులు మోసుకొచ్చే చిన్న పురుగు కామిని మీద కూడా కాపురముంటుంది. నిమ్మచెట్టుందంటే నిజానికి మీకో వాసన చెట్టు ఉన్నట్టే. నిమ్మపూత పూసినప్పుడు దాని కింద నిలబడి చూశారా ఎప్పుడైనా?

అమెరికాలో ఉన్న మా మేనకోడలు డాలస్‌లో మల్లె పెంచుతోంది. ఇక్కడి మొక్కని మట్టితో పట్టుకెళ్లనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. పేర్లు మాత్రం వేరు. ఒంటిరేకు మల్లెని "మెయిడ్ ఆఫ్ ఓర్లీన్స్" అనీ, మన బొండుమల్లె లాంటిదాన్ని "గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ" అనీ అమ్ముతారు. మంచు పడితే మల్లె బతకదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు కుండీ బయట మర్చిపోయి మొదటి మొక్కని పోగొట్టుకుంది. ఇప్పుడు చలి మొదలవగానే లోపల దక్షిణపు కిటికీ దగ్గరికి మార్చి, నీళ్లు తగ్గించి, ఆకు దూసి ఉంచుతోంది. గొర్రెల సంగతి ఫోన్‌లో చెబితే నవ్వింది గానీ చేసింది.

నర్సరీకి ఎప్పుడు వెళ్లాలి? ఆ మొక్క పూసే కాలంలో, అది విచ్చుకునే వేళకి దగ్గరగా. మల్లెకి ఏప్రిల్ సాయంత్రం, పారిజాతానికి సెప్టెంబరు పొద్దున్నే. చిన్నప్పుడు కడియపులంక కాలవ గట్టున సైకిల్ మీద వెళుతుంటే ఏ నర్సరీలో ఏం పూసిందో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. మీరూ ముక్కుతోనే కొనండి, ట్యాగుతో కాదు. పువ్వు లేని మొక్కని "వాసనొస్తుందమ్మా" అన్న మాట మీద కొనకండి. సంచి అడుగు తిప్పి చూడండి. వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికొస్తే మొక్క ఆ సంచిలో ఎక్కువకాలం ఉన్నట్టు. తెచ్చిన రోజే నాటకుండా వారం నీడలో ఉంచండి. సంచిలో బిగిసిన మట్టిముద్ద గట్టిగా ఉంటే, బయటి మట్టి తడిసినా లోపలి ముద్ద పొడిగానే ఉండిపోతుంది. అందుకని నాటే ముందు ముద్దని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, అంచులు వేళ్లతో కాస్త విప్పండి. గులాబీ అయితే అంటు కట్టిన చోటు కింద నుంచి వచ్చే కొమ్మని ఎప్పటికప్పుడు తీసేయండి. అది అడివి గులాబీ కొమ్మ, పైదాన్ని మింగేస్తుంది.

ఒకేసారి పది మొక్కలు తేవద్దు. ఘాటైనవి రెండు పక్కపక్కన పెడితే దేన్నీ అనుభవించలేరు. నేను మల్లెకీ జాజికీ మధ్య ఇంటి మూల మలుపు ఉంచాను. ఒకటి వీధివైపు, ఒకటి పెరటివైపు.

మా పై వాటాలో అద్దెకున్న అమ్మాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా షిఫ్టు. క్యాబ్ దింపేసరికి రాత్రి మూడు. "ఆంటీ, నేనొచ్చే టైముకి ఏం పూస్తుంది?" అంది పోయిన శ్రావణంలో. చెట్టు కింద మొలిచిన పారిజాతం పిల్లనొకదాన్ని తీసి చిన్న సంచిలో పెట్టిచ్చాను. గాలి సంగతీ, అగరుబత్తి సంగతీ చెప్పాను గానీ విందో లేదో తెలీలేదు. మొన్న పొద్దున్న మెట్లు ఊడుస్తుంటే మలుపు దగ్గర ఖాళీ కుండీలో ఒకటి, పిట్టగోడ దగ్గర ఇంకొకటి, కాలిపోయిన అగరుబత్తి పుల్లలు గుచ్చి ఉన్నాయి.